షుగరును దించింది ఎవరు?

గ్లూకోమీటరు మీద 58 అని కనిపించింది. ఆ అంకె ఒక్కటే చూపించి "ఇప్పుడేం చెయ్యాలి డాక్టరుగారూ?" అని అడిగితే అనుభవమున్న డాక్టరు వెంటనే జవాబు చెప్పరు. ముందు రెండు ప్రశ్నలు వేస్తారు. ఏ మందులు వాడుతున్నారు? ఎన్ని రోజులుగా ఏం తింటున్నారు?

ఆ ప్రశ్నలు ఎందుకో అర్థం కావడానికి ఇద్దరిని ఊహించుకుందాం. ఒకామె హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. షుగరు జబ్బు లేదు, ఏ మందూ వాడదు. నెలరోజులుగా అన్నం, చపాతీ మానేసి గుడ్లు, పనీరు, ఆకుకూరలు, నెయ్యితో కీటో పద్ధతిలో గడుపుతోంది. ఏకాదశి ఉపవాసాన్ని రెండో రోజుకు కూడా సాగించింది. మీటరు 58 చూపించినా తన పని తాను చేసుకుంటోంది. రెండో ఆయన గుంటూరులో రిటైరైన మాస్టారు. అరవై దాటాయి. పదిహేనేళ్లుగా షుగరుంది. పొద్దున టిఫినుకు ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటారు. ఎవరో బాగా తగ్గిందని చెబితే నిన్నటి నుంచి ద్రవాహారం మొదలుపెట్టారు. అన్నం మానారు గానీ మాత్ర మానలేదు. ఆయన మీటరులోనూ 58 వచ్చింది.

ఆమె విషయంలో ఆ అంకె పెద్ద వార్త కాదు. మాస్టారి విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లంతా చేస్తున్న పని ఆపి పరుగెత్తాల్సిన సమయమది. అంకె ఒకటే అయినా, దాన్ని అక్కడికి దించింది వేరు వేరు శక్తులు. ఆమె షుగరును దించింది ఆకలి. ఆయన షుగరును దించింది మాత్ర. కీటో ఆహారం మీద ఉపవాసం చేసేవాళ్లు ఈ ఒక్క తేడాను గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ అందులోంచే తేలతాయి.

మన రక్తమంతటిలో ఏ క్షణాన చూసినా ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే. చెంచాడు పంచదార అనుకోండి. మెదడుకు మాత్రం రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు కావాలి, అంటే గంటకు అయిదు గ్రాములు. రక్తంలో ఉన్నది మెదడు ఒక్కదానికే గంటసేపు సరిపోతుంది. అయినా రాత్రి ఎనిమిదింటికి తిని పొద్దున ఎనిమిదింటిదాకా ఏమీ తినకపోయినా మనం చక్కగానే లేస్తాం. కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచిన వంద గ్రాముల చక్కెర రాత్రంతా కొద్దికొద్దిగా కరిగి రక్తంలోకి చేరుతుంది. కండరాల్లో ఇంకో నాలుగు వందల గ్రాములుంటుంది గానీ అది కండరాల సొంతం. దాన్ని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదిలే ఆఖరి ఎంజైము కండరానికి లేదు.

మేడమీద ట్యాంకు, పెరట్లో బోరు ఉన్న ఇంటిని తలచుకోండి. కాలేయంలోని గ్లైకోజెన్ ఆ ట్యాంకు. ఒక రోజు ఉపవాసంలో అది అడుగంటుతుంది. కీటో ఆహారం తినేవారి ట్యాంకు ఎప్పుడూ సగానికి మించి నిండదు గనుక ఇంకా ముందే ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి బోరు మీదే ఆధారం. ప్రొటీను కరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు, కొవ్వు కరిగితే వచ్చే గ్లిసరాల్, కండరాలు, ఎర్రకణాలు వదిలే లాక్టేట్, వీటన్నిటినుంచీ కాలేయం కొత్త గ్లూకోజును తయారుచేస్తుంది. ఉపవాసం రోజులు గడిచేకొద్దీ మూత్రపిండాలు కూడా ఈ పనిలో పెద్ద భాగం పంచుకుంటాయి. బోరు సన్నగానే పోస్తుంది గానీ ఆగదు. అందుకే ఆరోగ్యవంతుల షుగరు ఉపవాసంలో తొంభై నుంచి డెబ్భైకి, అరవైకి దిగి, అక్కడ కుదురుకుంటుంది. సున్నా వైపు జారిపోదు. ఆడవారిలో ఈ దిగుడు మగవారికంటే ఎక్కువ. మూడు రోజుల ఉపవాసంలో ఆరోగ్యంగా ఉన్న స్త్రీల షుగరు యాభైల్లోకీ, కొందరిలో అంతకంటే కిందికీ దిగినా ఏ ఇబ్బందీ కనిపించకపోవడాన్ని 1970లలోనే గమనించారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉండేది. మెదడు గ్లూకోజు తప్ప ఇంకేమీ వాడదని చాలాకాలం అనుకున్నారు. అదే నిజమైతే, రోజుకు వంద గ్రాములకు పైగా గ్లూకోజును ప్రధానంగా కండలోని ప్రొటీను నుంచే చేసుకోవాలి. ఆ లెక్కన పూర్తి ఉపవాసంలో మనిషి రెండు మూడు వారాల్లో కండలు కరిగి చనిపోవాలి. కానీ నీళ్లు తాగుతూ రెండు నెలలు బతికినవాళ్లు ఉన్నారు. లెక్క ఎక్కడ తప్పింది?

బోస్టన్‌లో జార్జ్ కేహిల్ బృందం ఈ ముడి విప్పింది. అయిదారు వారాలుగా ఉపవాసంలో ఉన్న ముగ్గురు స్థూలకాయులకు ఆలివర్ ఓవెన్, కేహిల్, వారి సహచరులు సన్నటి గొట్టాలు అమర్చారు. మెదడులోకి పోయే రక్తంలో ఏముందో, మెదడు నుంచి తిరిగివచ్చే సిరలో ఏం మిగిలిందో పక్కపక్కన పెట్టి కొలిచారు. తేడా చూస్తే మెదడు గ్లూకోజును కొద్దిగానే తీసుకుంటోంది. ఎక్కువ భాగం తీసుకుంటున్నవి కీటోన్లు. కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోఅసిటేట్ అనే రెండు చిన్న అణువులు మెదడు ఇంధనంలో సగానికి పైగా సమకూరుస్తున్నాయి. 1967లో ఈ ఫలితం అచ్చయింది. అప్పటిదాకా కీటోన్లంటే షుగరు రోగి ప్రమాదంలో పడ్డప్పుడు పేరుకునే విషాలనే చాలామంది వైద్యుల నమ్మకం. మూర్ఛరోగం ఉన్న పిల్లల కోసం మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ 1921లోనే కీటోన్లు పుట్టించే ఆహారాన్ని ప్రతిపాదించినా, అవి మెదడుకు తిండి అవుతాయన్న సంగతి కేహిల్ బృందం కొలిచి చూపించేదాకా తేలలేదు.

ఆ తరువాత జరిగిన ప్రయోగం వింటే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో ఎర్నెస్ట్ డ్రెనిక్, ఆయన సహచరులు తొమ్మిది మంది స్థూలకాయులకు ఉపవాసానికి ముందు ఒకసారి, రెండు నెలల ఉపవాసం తరువాత మరోసారి ఇన్సులిన్ ఇచ్చారు. మొదటిసారి అందరికీ తెలిసిన లక్షణాలే కనిపించాయి. రెండోసారి షుగరు అంతే వేగంగా పడింది. ఒకచోట 9దాకా వచ్చింది. తొంభై కాదు, తొమ్మిది. మామూలు మనిషి స్పృహలో ఉండలేని స్థాయి అది. వీళ్లకు చెమట పట్టలేదు, వణుకు రాలేదు, శరీరం అడ్రినలిన్‌ను కూడా పెంచలేదు. 1972లో ఆ వ్యాసం వచ్చింది. మరుసటి సంవత్సరం స్కాట్లాండులోని డండీ నుంచి ఇంకో వ్యాసం వచ్చింది. 207 కిలోల బరువున్న ఒక యువకుడు వైద్యుల పర్యవేక్షణలో 382 రోజులు తిండి లేకుండా గడిపి 82 కిలోలకు దిగాడు. విటమిన్లు ఇచ్చారు, కొంతకాలం పొటాషియం, సోడియం కూడా ఇచ్చారు. నెలల తరబడి అతని షుగరు 30 దగ్గరే ఉంది. అయినా నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చి చూపించుకుని వెళ్లేవాడు.

వీటిని చెబుతున్నది ఎవరూ అనుకరించమని కాదు. అదే కాలంలో అలాంటి దీర్ఘ ఉపవాస వైద్యాల్లో మరణాలూ నమోదయ్యాయి. మెదడుకు కావలసింది శక్తి, అది గ్లూకోజు రూపంలోనే రావాలని లేదు అన్న సత్యాన్ని ఇవి నిలబెట్టాయి. షుగరు తక్కువ ఉండి, కీటోన్లు బాగా ఉంటే ఆ మెదడు పస్తు లేనట్టే. షుగరు తక్కువ ఉండి, కీటోన్లు కూడా లేకపోతే ఆ మెదడుకు ఏ దిక్కూ లేదు.

రెండోది ఎప్పుడు జరుగుతుంది? రక్తంలో ఇన్సులిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉన్నప్పుడు. ఇన్సులిన్ ఒకే దెబ్బతో మూడు పనులు చేస్తుంది. రక్తంలోని గ్లూకోజును కణాల్లోకి తోస్తుంది, కాలేయంలోని బోరు మోటారును ఆపేస్తుంది, కొవ్వు కరగడాన్నీ దాంతోపాటు కీటోన్ల తయారీనీ నిలిపేస్తుంది. రెండు ఇంధనాలూ ఒక్కసారే పోతాయి. క్లోమంలో ఇన్సులినోమా అనే చిన్న గడ్డ ఉందేమోనన్న అనుమానం వస్తే ఆస్పత్రిలో 72 గంటల ఉపవాస పరీక్ష పెడతారు. షుగరు పడిపోయిన సమయంలో కీటోన్లు 2.7 మిల్లీమోల్ లేదా అంతకు తక్కువగా ఉంటే ఇన్సులిన్ చేతివాటమని తేల్చడానికి అది ఒక గట్టి ఆధారం. ఆకలి వల్ల దిగిన షుగరుకు తోడుగా కీటోన్లు లేచి ఉండాలి. అవి లేవలేదంటే ఎవరో నొక్కిపెడుతున్నారన్నమాట.

మాస్టారి విషయంలో నొక్కిపెడుతున్నది పొద్దున వేసుకున్న గ్లిమిపిరైడ్. గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఆ కుటుంబానివే. వీటి పుట్టుక చూస్తే వీటి స్వభావమూ తెలుస్తుంది. 1942లో, యుద్ధం నడుస్తుండగా, ఫ్రాన్సులోని మాంట్‌పెలియర్‌లో మార్సెల్ జాన్‌బాన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగుల మీద కొత్త సల్ఫా మందు ఒకటి ప్రయత్నించాడు. కొందరు ఫిట్స్ వచ్చి పడిపోయారు, స్పృహ తప్పారు, ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. చూస్తే వాళ్ల షుగరు పాతాళంలో ఉంది. అదే ఊళ్లో ఆగస్ట్ లుబతియేర్ కుక్కల మీద పరీక్షించి, క్లోమం తీసేసిన కుక్కలో ఆ మందు పనిచేయడం లేదని చూపించాడు. అంటే అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్‌ను బయటికి రప్పిస్తోంది. ఆ గమనింపు నుంచే షుగరు మాత్రల ఒక పెద్ద కుటుంబం పుట్టింది. తిండి ఉన్నా లేకపోయినా క్లోమాన్ని పిండడం వాటి గుణం. మీరు అన్నం తింటారని నమ్మి డాక్టరు ఆ మాత్ర రాశారు. మీరు అన్నం మానేసిన సంగతి ఆ మాత్రకు తెలియదు.

తెలుగునాట ఈ ప్రమాదానికి ప్రత్యేకమైన సందర్భం ఉంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన కొబ్బరినూనె, నిమ్మరసాల ఆహార పద్ధతి ఊరూరా చర్చకు వచ్చింది. అంతకుముందు కీటో అన్న మాటే వినని ఇళ్లలో కూడా కీటోన్ల గురించి మాట్లాడుకున్నారు. అదే సమయంలో మన రాష్ట్రాల్లో షుగరు మాత్రలు లేని వీధి అరుదు. ఒక పెద్ద ఆహార మార్పు, ఒక బలమైన మందు ఒకే ఒంట్లో కలిసినప్పుడు మందు మోతాదు మార్చాల్సింది మొదటిరోజే. పదిరోజుల తరువాత షుగరు తగ్గిందని సంతోషించి అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్దామనుకోవడం తిరగబడ్డ లెక్క. ఇన్సులిన్ వేసుకునేవారూ, ఈ సల్ఫా కుటుంబపు మాత్రలు వాడేవారూ ఆహారం మార్చకముందే, ఉపవాసానికి ముందే, మోతాదు ఎంత తగ్గించాలో, ఏది ఆపాలో అడిగి రాయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నవారికి షుగరు పడిపోవడం అరుదు.

కేహిల్ పరిశోధన చదివిన ఉత్సాహంలో కొందరు ఒక పొరపాటు చేస్తుంటారు. కీటోలో ఉన్నాను గనుక షుగరు ఎంత పడినా నాకేమీ కాదనుకుంటారు. బోస్టన్ రోగుల కీటోన్లు అయిదు, ఆరు, ఏడు మిల్లీమోల్ దగ్గర ఉన్నాయి. వారాల ఉపవాసం మీద వచ్చిన స్థాయి అది. మన ఇళ్లలో కీటో ఆహారం తినేవారి కీటోన్లు సాధారణంగా సగం నుంచి మూడు మధ్య ఉంటాయి. కీటోన్లు రక్తంలో ఎంత ఉంటే మెదడు అంత తీసుకుంటుంది. ఒకటి దగ్గర ఉన్నప్పుడు అవి మెదడు అవసరంలో పదో వంతు మాత్రమే తీరుస్తాయి. మొదలుపెట్టి రెండురోజులైన మాస్టారికి అదీ లేదు. పైగా కీటోన్లకు అలవాటుపడిన శరీరంలో హెచ్చరిక ఆలస్యంగా మోగుతుంది. మామూలుగా 70 దగ్గరే గ్లూకగాన్, అడ్రినలిన్ లేస్తాయి. అంతకు కిందికి వెళితే చెమట, వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి. 54 కిందికి వెళితే మాట తడబడటం, చిరాకు, తికమక. కీటోలో ఈ మెట్లన్నీ కిందికి జరగవచ్చు. ఏ మందూ లేని మనిషికి అది సౌకర్యం. ఇన్సులిన్ వేసుకుని బండి నడిపే మనిషికి మాత్రం హెచ్చరిక లేకుండా వచ్చే ఆపద. బీపీకి, గుండెకు వాడే ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు కూడా దడనూ వణుకునూ కప్పేస్తాయి. చెమట మాత్రం దాగదు. చల్లటి గదిలో తినకుండా కూర్చున్న పెద్దాయన నుదుటి మీద చెమట కనిపిస్తే మీటరు తియ్యాలి.

ఇక కీటో ఉపవాసంలో "లో షుగర్" అని చాలామంది చెప్పేది అసలు షుగరే కాదు. ఈ సంగతి ఎంత చెప్పినా తక్కువే. మంచం మీద నుంచి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, గోడ పట్టుకోవాల్సి వస్తుంది, మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, సాయంత్రానికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం. మీటరు చూస్తే 78. అక్కడ కరువు ఉప్పుకు. ఇన్సులిన్ చేసే పనుల్లో ఒకటి మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచేలా చేయడం. పిండిపదార్థం మానగానే, ఉపవాసంలో ఇంకా ఎక్కువగా, ఇన్సులిన్ దిగుతుంది, సోడియం మూత్రంలో పోతుంది, దాని వెనకే నీళ్లూ పోతాయి. గ్లైకోజెన్ ఒక గ్రాము కరిగితే దానితో అంటిపెట్టుకున్న మూడు గ్రాముల నీరు కూడా విడుదలవుతుంది. మొదటి వారంలో మూడు కిలోలు తగ్గానని చెప్పే సంబరంలో ఎక్కువ భాగం ఈ నీళ్లే. రక్తం పరిమాణం తగ్గి, నిలబడగానే బీపీ పడుతుంది. దాన్ని షుగరు పడిపోయిందని పొరబడి గ్లూకోజు తాగితే కాసేపు బాగున్నట్టనిపిస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. మొదట మీటరుతో చూడండి. షుగరు 70 పైన ఉంటే బీపీ మిషను తెచ్చుకోండి. అయిదు నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడి మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూడండి. పై అంకె 20గానీ, కింది అంకె 10గానీ పడితే దొంగ దొరికినట్టే. గుండెజబ్బు, కిడ్నీజబ్బు, అధిక రక్తపోటు లేనివారు ఉప్పు వేసిన నిమ్మరసం, ఉప్పు మజ్జిగ, కాస్త చిక్కటి చారు, వీటితో అరగంటలో తేరుకుంటారు. బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవారు ఉప్పు పెంచడం కాదు, ఆ మాత్ర మోతాదు గురించి అడగాలి. మన దగ్గర బీపీ మాత్రల్లో చాలావాటిలో హైడ్రోక్లోరోథయజైడో, క్లోర్‌థాలిడోనో కలిసే ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, తీసి చదవండి.

మీటరు చెప్పేదీ వేదం కాదు. ఇప్పుడున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం షుగరు వందలోపు ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు 15 అటూ ఇటూ లోపల ఉంటే ఆ మీటరు మంచిదే. అంటే 62 అని చూపిస్తే అసలు 47 కావచ్చు, 77 కావచ్చు. పండు కోసిన చేత్తో వేలు గుచ్చితే తప్పుడు ఎక్కువ వస్తుంది. లో షుగరును అది దాచేస్తుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, మొదటి చుక్క వదిలేసి రెండో చుక్కతో చూడటం మంచిది. మూత తీసి వదిలేసిన స్ట్రిప్పుల డబ్బాను వానాకాలం పాడుచేస్తుంది. చేతికి అంటించుకునే సెన్సర్లు వాడేవారు ఒకటి గమనించాలి. అవి చూసేది రక్తాన్ని కాదు, చర్మం కిందున్న ద్రవాన్ని. షుగరు వేగంగా మారుతున్నప్పుడు అయిదు పది నిమిషాలు వెనకబడతాయి. ఆ చేయి మీదే ఒరిగి నిద్రపోతే నొక్కుడుకు అర్ధరాత్రి 50 అని అలారం మోగుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే పది నిమిషాల్లో 80 అవుతుంది. వేలు గుచ్చి సరిచూసుకోకుండా ఆ అర్ధరాత్రి అంకెను నమ్మి కంగారుపడవద్దు.

అసలైన లో షుగరు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఇప్పుడు చూద్దాం. మందులు వాడేవారికి 70 కింద ఏ అంకె వచ్చినా, ఒంట్లో బాగానే ఉన్నా, ఉపవాసం అక్కడితో ముగిసింది. రంజాను ఉపవాసాలకోసం వైద్యులు రాసుకున్న మార్గదర్శకాల్లోనూ ఇదే గీత ఉంది. 70 కిందికి పడితే, 300 పైకి లేస్తే ఉపవాసం విరమించాలి. పదిహేను గ్రాముల గ్లూకోజు చాలు. మూడు చెంచాల గ్లూకోజు పొడి, లేదా మూడు చెంచాల పంచదార, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే. చాక్లెట్, లడ్డు, ఐస్‌క్రీం వద్దు, వాటిలోని కొవ్వు చక్కెరను కడుపులోనే ఆలస్యం చేస్తుంది. కొబ్బరినూనె, నెయ్యి ఈ సమయంలో పనికిరావు. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి పంచదార, బెల్లం కూడా వెంటనే పనిచేయవు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్లింట్లో గ్లూకోజు పొడి డబ్బా తప్పనిసరిగా ఉండాలి. అదీ లేకపోతే తేనె.

ఇక్కడ కీటో చేసేవారి మనసులో ఒక బాధ ఉంటుంది. ఇన్ని రోజుల కష్టం మూడు చెంచాల పంచదారతో పోతుందేమోనని. ఆ భయంతో ఇంకో అరగంట ఆగుదామనుకుంటారు. ఆ అరగంటే కొంపముంచుతుంది. పదిహేను గ్రాముల గ్లూకోజు ఖర్చవడానికి ఎంతోసేపు పట్టదు, కీటోన్లు కొన్ని గంటల్లో తిరిగి లేస్తాయి. అలాగని మాత్ర వల్ల పడిన షుగరు ఒక గ్లాసుతో తీరిపోయిందనీ అనుకోవద్దు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం ఒక రోజు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో అంతకు మించి ఉంటుంది. 90కి వచ్చిన షుగరు రెండు గంటల్లో మళ్లీ పడవచ్చు. గ్లూకోజు తరువాత ఇడ్లీయో, పెరుగన్నమో తిని, ఆ రాత్రి నిద్రలేపి మరీ చూడాలి. వయసు మీరినవారైతే ఆస్పత్రిలో ఉంచడమే మేలు.

స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పొయ్యకూడదు. పంచదార నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే ఇవ్వవచ్చు గానీ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకూడదు. ఆ మందు కాలేయంలోని గ్లైకోజెన్‌ను కరిగించి పనిచేస్తుంది. ఉపవాసంలో ఉన్నవారి ట్యాంకు ఖాళీ గనుక అది సరిగా పనిచేయకపోవచ్చు. వీళ్లకు కావలసింది నరంలోకి ఎక్కించే గ్లూకోజే. సారాకూ ఇదే తర్కం. ఆల్కహాలును విరిచే పనిలో పడిన కాలేయం కొత్త గ్లూకోజు తయారీని ఆపేస్తుంది. ట్యాంకు ఖాళీ, బోరు బంద్. పైగా పడిపోయినవాణ్ని తాగి పడ్డాడని వదిలేస్తారు.

మందులు లేనివారి సంగతి తేలిక. 60 అయినా, 56 అయినా, ఒంట్లో బాగుంటే అది ఉపవాసపు అంకె. లక్షణాలు, తక్కువ షుగరు, తిన్నాక ఆ లక్షణాలు పోవడం, ఈ మూడూ కలిస్తేనే లో షుగరు జబ్బుగా పరిగణించాలని అలెన్ విపుల్ అనే శస్త్రవైద్యుడు 1938లో చెప్పిన సూత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది. ఆ మూడూ కలిసినా, 54 కింద పదేపదే వస్తున్నా ఉపవాసం ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు ఈ ఉపవాసాలు వద్దేవద్దు. పిల్లల కాలేయం నిల్వ కొన్ని గంటలదే. కొందరికి కొవ్వును కీటోన్లుగా మార్చలేని పుట్టులోపం ఉంటుంది, అది మొదటిసారి బయటపడేది ఇలాంటి పస్తులోనే. టైప్ 1 షుగరు ఉన్నవారు వైద్యుల నిఘా లేకుండా కీటో జోలికి వెళ్లకూడదు.

ఇంకొక మందు గురించి చెప్పకపోతే ఈ అధ్యాయం ప్రమాదకరంగా అసంపూర్ణమవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్. చక్కెరను మూత్రంలో వదిలించే ఈ మాత్రలు గుండెకు, కిడ్నీలకు నిజంగా మేలు చేస్తాయి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు తీరాక మన దేశంలో ధర బాగా తగ్గి వాడకం పెరిగింది. ఇవి షుగరును ప్రమాదకరంగా పడగొట్టవు, ఒక్కటే వాడుతున్నప్పుడు. కానీ కీటో ఆహారం, ఉపవాసం, ఈ మాత్ర కలిస్తే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లమయం కావచ్చు. మామూలుగా ఆ పరిస్థితిలో షుగరు 300, 400 ఉంటుంది. ఇక్కడ మీటరు 150 చూపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. ఆపరేషన్లకు కనీసం మూడు రోజుల ముందే ఈ మాత్రలు ఆపమంటారు, ఒంట్లో అంతకాలం ఉంటాయి గనుక. ఉపవాసంలో వాంతులు, కడుపునొప్పి, పరుగెత్తినట్టు లోతైన ఊపిరి కనిపిస్తే, ఈ మాత్ర వాడుతున్నట్టయితే, షుగరు ఎంతున్నా ఆస్పత్రికి వెళ్లి రక్తంలో కీటోన్లు చూపించాలి. మూత్రపు పట్టీ ఇక్కడ చాలదు. అది బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను చూడలేదు.

ఉపవాసం విరమించే తీరు కూడా షుగరు సంగతే. రోజంతా పస్తుండి ఒక్కసారిగా పులిహోర, పాయసం తింటే షుగరు ఎగిసి, రెండు మూడు గంటల తరువాత కొందరికి దబ్బున పడుతుంది. గుడ్డో, పప్పో, పెరుగో, కూరలో ముందు తిని ఆ తరువాత కొద్దిగా అన్నం తినడం మేలు. వారం దాటిన ఉపవాసమైతే విరమణ ఆస్పత్రిలోనే జరగాలి. అప్పుడు తిండి రాగానే లేచే ఇన్సులిన్ రక్తంలోని ఫాస్ఫేటును కణాల్లోకి లాగేసి గుండె లయ తప్పించగలదు.

ఇంకో చిన్న సంగతి ల్యాబు రిపోర్టులకు సంబంధించింది. నెలల తరబడి కీటోలో ఉన్నవారి కండరాలు కొవ్వుతో పనిచేయడానికి అలవాటుపడి గ్లూకోజును నెమ్మదిగా తీసుకుంటాయి. వీళ్లు హఠాత్తుగా ల్యాబుకెళ్లి 75 గ్రాముల గ్లూకోజు తాగే పరీక్ష చేయించుకుంటే రెండు గంటలకు 180, 190 వచ్చి, షుగరు జబ్బుకు ముందుదశలో లేకపోయినా ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కవచ్చు. ఆ పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తినాలి. మూడుపూటలా ఒక కప్పు అన్నం, దానితో పప్పు, ఒక పండు తింటే ఆ లెక్క సరిపోతుంది.